సూక్ష్మ పరిశ్రమల లెక్క విడదీయండి: జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన నెల్లూరు జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారం. సంబంధిత అధికారులకు ఇచ్చిన అర్జీలకు జవాబు రానందున, పదిమంది ఎదుట మీకు ఈ విన్నపం చేస్తున్నాను.

2015-16లో జరిగిన జాతీయ నమూనా సర్వే 73వ విడత ప్రకారం దేశంలో సుమారు 6.34 కోట్ల సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థలు ఉండగా, వాటిలో 6.30 కోట్లు సూక్ష్మ సంస్థలే. చిన్నవి 3.31 లక్షలు, మధ్యతరహావి దాదాపు ఐదు వేలు మాత్రమే. అంటే వందకు తొంభైతొమ్మిది సంస్థలు ఒకే గంపలో పడ్డాయి.

ఆ గంప ఇప్పుడు మరింత పెద్దదైంది. 2025 ఏప్రిల్ 1 నుంచి యంత్రాలపై రెండున్నర కోట్ల రూపాయల వరకు పెట్టుబడి, పది కోట్ల వరకు టర్నోవరు ఉన్న సంస్థ కూడా సూక్ష్మమే. ఉదయగిరిలో ఇంటి వసారాలో కూర్చుని చెక్క గరిటెలు చెక్కే మహిళ, కోట్ల విలువైన యంత్రాలున్న మిల్లు యజమాని కాగితం మీద సమానులు. తాకట్టు పెట్టడానికి ఏమీ లేని ఆమె, బ్యాంకు గడప దగ్గరే ఆగిపోయి, అధిక వడ్డీకి అప్పు తెచ్చి కర్ర కొంటోంది. సూక్ష్మ సంస్థలకు ఇంత రుణం ఇచ్చామన్న మొత్తంలో ఆమె వాటా ఎంతో తెలిసే మార్గం లేదు. నాకు ఇదే అన్నిటికంటే అన్యాయంగా తోస్తోంది.

కనుక జిల్లాలోని సంస్థలను మండలాలవారీగా, రంగాలవారీగా లెక్కించి, సూక్ష్మ తరగతిలో ఒంటరిగా పనిచేసేవారిని, కూలీలను పెట్టుకున్నవారిని వేరుచేసి, ఎవరికెంత రుణం అందిందో ఈ ఆర్థిక సంవత్సరంలోనే బహిరంగంగా ప్రకటించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఉదయగిరి ప్రాంత చిన్న వ్యాపారి