నాన్నా, మీరడిగినదానికి

నాన్నా,

మొన్న ఫోన్‌లో సరిగ్గా చెప్పలేకపోయాను. రూమ్‌లో అందరూ ఉన్నారు, మీకేమో అవతల ఎవరో వచ్చారు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను. ఇక్కడ అంతా బాగానే ఉంది. లైబ్రరీలో పని మామూలే, పెద్దగా చెప్పడానికేమీ లేదు. వేళకి నిద్రపోతున్నానని అమ్మతో చెప్పండి.

"అన్నీ ఆ చాట్‌బాటే చెప్పేస్తుంటే ఇక నువ్వు నేర్చుకునేదేముంది?" అన్నారు. ఆ మాట బాగా తగిలింది నాన్నా. కోపం కాదు. మీరు లెక్కలు చెప్పి పెంచిన పిల్లని, నా గురించి అలా అనుకుంటున్నారంటే బాధేసింది.

ఇక్కడ సంగతి మీకు తెలియాలి. బీటెక్‌లో ఐగెన్ విలువలంటే ఫార్ములా వేసి, సమీకరణం సాధించి, మార్కులు తెచ్చుకోవడమే. ఇక్కడ ప్రొఫెసర్ గారు ఆ అంకెలకి అర్థమేమిటని అడుగుతారు. క్లాసులో మిగతావాళ్లందరికీ తెలిసినట్టే ఉంటుంది. చెయ్యెత్తి "మొదటి నుంచీ అర్థం కాలేదు" అనడానికి నోరు రాదు. ఆయన్ని విడిగా కలవొచ్చు, కలుస్తున్నాను కూడా, కానీ దొరికేది పది నిమిషాలు. రాత్రి పుస్తకం ముందు కూర్చుంటే అడగడానికి ఎవరూ ఉండరు. ఆ వేళల్లో నాకు తోడుగా ఉన్నది ఈ చాట్‌బాటే. ఎంత చిన్న ప్రశ్నయినా, ఎన్నిసార్లడిగినా విసుక్కోదు. తెలుగులో అడిగినా జవాబిస్తుంది.

నేనెలా అడుగుతానో చూడండి. ముందే రాసేస్తాను: "జవాబు చెప్పొద్దు. ఒక్కొక్క ప్రశ్న వెయ్యి. నేను ఆగిపోతే చిన్న సూచన మాత్రం ఇవ్వు." ఒకరోజు ఒక మాత్రిక, అదే అంకెల పట్టిక, ఇచ్చింది. మొదటి వరుస 2, 1. రెండో వరుస 1, 2. దీంతో (1, 0)ని గుణిస్తే ఏమవుతుందంది. (2, 1) వచ్చింది, అంటే దిక్కు మారిపోయింది. (1, 1)ని గుణించమంది. (3, 3). దిక్కు అదే, పొడవు మాత్రం మూడింతలు. (1, -1)ని గుణిస్తే అసలు కదల్లేదు, అలాగే ఉంది. అప్పుడు అడిగింది, "మొదట తీసుకున్న (1, 0)ని ఈ రెండింటితో రాయగలవా?" అని. కాగితం మీద వేశాను. (1, 1)లో సగం, (1, -1)లో సగం కలిపితే (1, 0). మొదటి సగాన్ని మూడింతలు చేసి, రెండోదాన్ని ముట్టుకోకుండా మళ్లీ కలిపాను. (2, 1) వచ్చింది! మొదట గుణిస్తే వచ్చిన అదే జవాబు. ఆ మాత్రిక చేసే పనంతా ఆ రెండు దిక్కుల్లోనే ఉందని, ఒక్కో దిక్కులో ఎన్నింతలు చేస్తుందో చెప్పే 3, 1 అంకెలే ఐగెన్ విలువలని అప్పుడు తెలిసింది. బీటెక్‌లో అన్ని మార్కులు తెచ్చుకున్నా నాకిది తెలియదు నాన్నా. పక్కన మీరుంటే బావుండుననిపించింది. ఆ జవాబు కట్టింది నేనే. అది అడిగింది, అంతే.

తప్పులు చెబుతుందన్నారు. నిజమే, చెబుతుంది. అది వాక్యం కట్టేది తర్వాత ఏ మాట రావచ్చో అంచనా వేసుకుంటూ. అందుకే తప్పుని కూడా ఒప్పంత ధీమాగానే చెబుతుంది. ఒకసారి మూడు వరుసల మాత్రికకి ఐగెన్ విలువలు 1, 2, 4 అని చెప్పింది. వికర్ణం మీద, అంటే ఎడమ పై మూల నుంచి కుడి కింది మూల దాకా, ఉన్న అంకెలు 2, 3, 1. వాటి మొత్తం 6. ఐగెన్ విలువల మొత్తం కూడా అంతే రావాలి, కానీ అది చెప్పినవి కూడితే 7. జవాబు రాగానే వెనక్కి వేసి సరిచూడందే పెన్ను కింద పెట్టనిచ్చేవారు కాదు మీరు. ఆ అలవాటే ఇక్కడ పనికొస్తోంది. ఇంకోటి, దాన్ని "నిజమేనా?" అని అడిగి లాభం లేదు. ఒప్పు చెప్పి కూడా ఒక్కోసారి క్షమాపణ చెప్పి జవాబు మార్చేస్తుంది. "ఇంకో పద్ధతిలో చేసి చూపించు" అనాలి. పుస్తకాల పేర్లు, పరిశోధనా వ్యాసాల పేర్లు చెబితే లైబ్రరీలో వెతికి దొరికాకే నమ్ముతాను. లేనివాటిని కూడా ఉన్నట్టే చెబుతుంది కాబట్టి.

అమ్మ కళ్ల పరీక్ష వాయిదా వెయ్యొద్దు. తలనొప్పి అని రెండుసార్లు అంది నాతో.

నాకు దిగులుగా ఉన్నది చిన్నోడి గురించి. వాడి హోంవర్క్ ఈమధ్య మరీ నీట్‌గా వస్తోందని సంతోషంగా చెప్పారు, నాకు భయమేసింది. టర్కీలో ఒక హైస్కూల్లో దాదాపు వెయ్యి మంది పిల్లలతో లెక్కల మీద ఒక ప్రయోగం చేశారు, 2025లో అచ్చయింది. మామూలు చాట్‌బాట్ చేతికిచ్చిన పిల్లలు అభ్యాసాలు మిగతావాళ్లకంటే 48 శాతం మెరుగ్గా చేశారు. తర్వాత అది లేకుండా పరీక్ష పెడితే, అసలు దాన్ని వాడనివాళ్లకంటే 17 శాతం తక్కువ తెచ్చుకున్నారు. మూడో గుంపుకి జవాబులు చెప్పకుండా, టీచర్లు రాసిచ్చిన సూచనలే ఇచ్చేది పెట్టారు. వాళ్లు అభ్యాసంలో 127 శాతం మెరుగు, పరీక్షలో ఆ నష్టం దాదాపు కనబడలేదు. చేతికిచ్చింది ఒకే రకం మెషీన్ నాన్నా, అది జవాబిచ్చే తీరు వేరు. చిన్నోడు లెక్క ఫొటో తీసి పెడతాడు, వచ్చింది ఎత్తి రాస్తాడు. వాణ్ణి తిట్టకండి. వాడి వయసులో ఇది నా చేతిలో లేదు, చాట్‌జీపీటీ వచ్చిందే 2022 నవంబర్‌లో. ఉంటే నేనూ అలాగే చేసేదాన్నేమో. ఫోన్ లాక్కుంటే మీకు తెలియకుండా చేస్తాడు. ముందు కాగితం మీద సగమైనా వెయ్యమనండి, ఎక్కడ ఆగిపోయాడో అక్కడ మాత్రమే అడగమనండి. తర్వాత ఫోన్ పక్కన పెట్టి, అదే లెక్క మీకు నోటితో చెప్పాలి.

దానికి మీరే కావాలి. నేను "అర్థమైంది" అని టైప్ చేస్తే చాట్‌బాట్ నమ్మేసి ముందుకెళ్లిపోతుంది. మీరు అలా ఎప్పుడూ నమ్మలేదు. "తలూపావు గానీ నీ మొహం చెబుతోంది, ఎక్కలేదు" అని పెన్సిల్ మళ్లీ నా చేతికే ఇచ్చేవారు. ఆ తర్వాత ఎంతసేపైనా మాట్లాడకుండా కూర్చునేవారు. ఆ మౌనంలోనే నాకు చాలా లెక్కలు వచ్చాయి. ఇక్కడ నా మొహం చూసేవాళ్లు లేరు కాబట్టి, నేను దానికి "అర్థమైంది" అని రాయను. అర్థమైనదాన్ని నా మాటల్లో మొత్తం రాసి, ఎక్కడ లొసుగు ఉందో వెతకమంటాను. దొరుకుతూనే ఉంటుంది.

గురువారం పరీక్ష. హాల్లో కాగితం మీదే, ఫోన్లు బయట పెట్టేయాలి. టెన్షన్ ఉంది గానీ, ఈసారి ఏం రాస్తున్నానో తెలిసే రాస్తాను. అయ్యాక ఫోన్ చేస్తాను, అంతవరకు మీరు చెయ్యకండి, మీ గొంతు వింటే మనసు ఇంటి మీదకి పోతుంది.

ఆదివారం పొద్దున చిన్నోణ్ణి వీడియో కాల్లో కూర్చోబెట్టండి. ఇంటిగ్రేషన్ చాప్టర్ తీసి ఉంచమనండి, రఫ్ నోట్‌బుక్ కూడా. ఫెయిర్ నోట్‌బుక్ వద్దు.

మీ
అమ్మాయి