మిరపలో వైరస్‌కు ‘మందు’ ఎక్కడిది?

సంపాదకులకు,

మిరపలో ఆకులు ముడుచుకుపోయే వైరస్ జబ్బు బొబ్బర తెగులుపై ఇటీవల మీ పత్రికలో వచ్చిన కథనం రైతుల నష్టాన్ని వివరంగా చెప్పింది గానీ, ఆ తెగులు సోకిన మొక్కను బాగుచేసే మందు ఎందుకు లేదో చెప్పలేదు. చాలాకాలం వృక్షశాస్త్రం బోధించి, ఇప్పుడు రెండెకరాల్లో మిరప వేస్తున్న నాకు అసలు సంగతి అక్కడే ఉందనిపిస్తుంది.

తెగులు శిలీంధ్రం (బూజు జాతి) వల్ల వస్తే, దానికి సొంత కణం, సొంత జీవక్రియ ఉంటాయి కనుక మొక్కకు పెద్దగా హాని లేకుండా దాన్ని దెబ్బతీసే మందు తయారుచేయవచ్చు. బొబ్బరకు కారణమైన జెమిని వైరస్‌కు అవేవీ లేవు. వలయంలా చుట్టుకున్న ఒంటిపోగు డీఎన్‌ఏ, దానిపై ప్రోటీన్ తొడుగు, అంతే దాని ఆస్తి. వైరస్‌ను మోసుకొచ్చే తెల్లదోమ రసం పీల్చేటప్పుడు ఆకు నాళాల్లోకి చేరిన ఆ డీఎన్‌ఏ కణకేంద్రకంలో ప్రవేశించి, విభజన ఆపి స్థిరపడిన కణాన్ని మళ్లీ డీఎన్‌ఏ తయారుచేసే దశకు మళ్లించి, మొక్క ఎంజైముల చేతనే తన నకళ్లు తీయించుకుంటుంది. మొక్క బతుకుతున్నదీ, వైరస్ పెరుగుతున్నదీ ఒకే యంత్రాంగం మీద అయినప్పుడు, ఒకదాన్ని వదిలి రెండోదాన్ని మాత్రమే చంపే పిచికారీ ఎలా దొరుకుతుంది?

మనకు కనిపించే ముడత, ఆకు ఈనెలు మందమెక్కడం, పసుపు రంగు ఆ లోపలి దోపిడీకి ఆనవాళ్లే. పత్రహరితం తగ్గి ఆకు తయారుచేసే ఆహారం తగ్గుతుంది; శ్వాసక్రియ పెరిగి ఉన్నదీ ఖర్చవుతుంది; ఆహారాన్ని మోసే నాళాలే వైరస్‌కు స్థావరం కావడంతో చక్కెరలు పూతకూ కాయకూ సరిగా అందవు. సూక్ష్మపోషకాలు చల్లితే ఆకు కొంత పచ్చబడవచ్చు, వైరస్ మాత్రం కదలదు. ఆ కాస్త పచ్చదనాన్నే సాక్ష్యంగా చూపి మా ప్రాంతంలో కొన్ని దుకాణాలు ‘వైరస్ మందు’ పేరిట సీసాలు అంటగడుతున్నాయి. (ముడత కనబడగానే బొబ్బర అనుకోవడమూ పొరపాటే. తామర పురుగులు ఆకును పైకి, తెల్లనల్లి కిందికి ముడుస్తాయి, వాటికి మందులున్నాయి.)

పురుగుమందు తెల్లదోమ ఉద్ధృతిని తగ్గిస్తుందే తప్ప ఆకులో చేరిన వైరస్‌ను ముట్టుకోదు. చేయగలిగిందంతా ముందే చేయాలి: తెల్లదోమకు అడ్డుగా నైలాన్ వల కింద నారు, పొలం చుట్టూ రెండు మూడు వరుసల జొన్న లేదా మొక్కజొన్న, తెగులు సోకిన మొక్కను తొలి రోజుల్లోనే పీకి కాల్చేయడం. వైరస్‌ను నయం చేస్తుందని చెప్పి అమ్మే ప్రతి సీసాకూ వ్యవసాయ శాఖ ఆధారం అడగాలి. నర్సరీల్లో వలలు ఉన్నదీ లేనిదీ నారు రైతు చేతికి రాకముందే తనిఖీ చేయాలి.

– ఒక మిరప రైతు, పల్నాడు జిల్లా