కంప్రెషర్ ఒక్కటే మార్చి ఊరుకోకు

చిన్నా,

ట్రక్కు ఏసీ పనిచేయడం లేదని నువ్వు పంపిన వీడియో నాలుగుసార్లు చూశాను. ఫోన్లో చెబితే సగం వింటావు, మిగతా సగం "సరే నాన్నా" అంటావు. అందుకే కాగితం మీద రాస్తున్నా. చెల్లి ఫోటో తీసి పంపుతుంది.

డాలస్ ఎండలో ఏసీ లేని ట్రక్కులో ఆఫీసుకెళ్లి, అక్కడ చొక్కా మార్చుకుంటున్నావట. అది విన్న దగ్గర్నుంచీ మీ అమ్మకి టెన్షన్. రోహిణి కార్తెలో బెజవాడలో పెరిగినవాడికి ఎండ కొత్తా అంటే నా మీద ఎగిరింది.

ముందు రోగం సంగతి. ఏసీ గ్యాస్‌ని కుదించే పంపు కంప్రెషర్, దాన్ని ఇంజను బెల్టుకి కలిపేది క్లచ్. క్లచ్ పట్టుకోనంత మాత్రాన కంప్రెషర్ పోయినట్టు కాదు. ఫ్యూజు, రిలే, గ్యాస్ తక్కువైతే ఆపేసే ప్రెషర్ స్విచ్, వీటిలో ఏది పోయినా అలాగే ఉంటుంది. కానీ నీ వీడియోలో క్లచ్ ప్లేటు నీలం తిరిగింది. లోపల షాఫ్ట్ బిగుసుకుపోయి, బెల్టు దాన్ని తిప్పాలని కొట్టుకుంటే ప్లేటు జారి జారి అలా కాలుతుంది. ఇంజను ఆపి ఆ ముందు ప్లేటును చేత్తో తిప్పు. కదలకపోతే ఇక అనుమానం లేదు.

అక్కడి షాపులో కంప్రెషర్ దొరుకుతుంది, నాలుగు బోల్టులు, పాన నీ దగ్గర ఉంది అనుకుంటున్నావేమో. అక్కడే ఆగు. 2004లో నేను మెకానిక్ షెడ్డు పెట్టి ఆరు నెలలు కూడా కాలేదు. పెళ్లిళ్ల సీజనులో ఒక టాక్సీ వచ్చింది, ఇదే రోగంతో. ఓనరు సాయంత్రానికి బండి కావాలన్నాడు. నేను కంప్రెషర్ ఒక్కటి మార్చి, గ్యాస్ ఎక్కించి పంపేశా. మంచులాంటి గాలి వచ్చింది, ఆయన చేతిలో చెయ్యేసి వెళ్లాడు. ఇరవై రోజులకి బండి మళ్లీ నా షెడ్డు ముందు. కొత్త కంప్రెషర్ కూడా జామ్. రేడియేటర్ ముందుండే కండెన్సర్ విప్పి హాక్సా బ్లేడుతో కోశాను. సన్న గొట్టాల నిండా నల్లటి ముద్ద, వెండి పొడి కలిపిన కాటుకలా. మొదటి కంప్రెషర్ అరిగినప్పుడు రాలిన అల్యూమినియం అది. ఆయిల్‌తో కలిసి బయల్దేరి ముందు కండెన్సర్లో చేరింది, అక్కణ్నుంచి చుట్టూ తిరిగి కొత్తదాని లోపలికి వచ్చింది. రెండో కంప్రెషర్ డబ్బు నాదే. ఆ నెల నీ స్కూలు ఫీజు ఆలస్యమైంది. నీకు చెప్పలేదు.

అందుకని గ్యాస్ తీయించగానే కూలింగ్ కాయిల్లోకి గ్యాస్‌ని సన్నగా వదిలే ఆరిఫిస్ ట్యూబ్ బయటికి లాగి చూడు. మా దగ్గర బళ్లకి ఆ పనికి ఎక్కువగా ఎక్స్‌పాన్షన్ వాల్వు ఉంటుంది. అమెరికా పాత ట్రక్కుల్లో చాలావాటికి ఈ ట్యూబే, వేలంత కూడా ఉండదు, దాని మీద జల్లెడ. కండెన్సర్‌కీ లోపలి కూలింగ్ కాయిల్‌కీ మధ్య పైపులో ఉంటుంది. జల్లెడ శుభ్రంగా ఉంటే నీ అదృష్టం. నల్లగా మెరుస్తుంటే కండెన్సర్ మార్చాల్సిందే. ఫ్లష్ చేస్తే పోతుందని ఎవరైనా అంటే నమ్మకు, ఇప్పటి కండెన్సర్ల గొట్టాలు సూది బెజ్జాల్లా ఉంటాయి. పైపులూ కాయిలూ మాత్రం ఫ్లష్ చేసి బాగా ఆరబెట్టు. ఆరిఫిస్ ట్యూబ్, జాయింట్ల దగ్గరి రబ్బరు ఓ రింగులు, కూలింగ్ కాయిల్ తర్వాత ఉండే అక్యుములేటర్ డబ్బా, ఇవి ఎలాగూ కొత్తవే వేయాలి. రేడియేటర్ ఫ్యాను సరిగ్గా తిరుగుతోందో కూడా చూడు. కంప్రెషర్‌ని చంపింది అదే అయితే రెండోదాన్నీ చంపుతుంది.

గ్యాస్ నువ్వు గాల్లోకి వదలకు. మీ దగ్గర క్లీన్ ఎయిర్ చట్టం ప్రకారం అది నిషేధం. గ్యాస్ లాగే మిషనున్న షాపులో తీయించు. లీకు ఆపే మందు కలిపిన డబ్బాలు అస్సలు కొనకు. ఆ జిగురు మిషన్లను పాడుచేస్తుంది, అది వేశావని తెలిస్తే ఏ షాపువాడూ నీ బండిని ముట్టుకోడు. 2012 బండి కాబట్టి ఆర్134ఏ గ్యాసే అయుండాలి, అయినా బానెట్ కింద స్టిక్కర్ చదువు. గ్యాస్ ఎంత బరువో అందులోనే ఉంటుంది. తూకం ప్రకారమే ఎక్కించు, గాలి చల్లబడేదాకా కొట్టేయడం కాదు.

ఆయిల్ దగ్గర అందరూ తప్పు చేస్తారు. కొత్త కంప్రెషర్లో ఆయిల్ పోసి వస్తుందో రాదో దాని పెట్టె మీద చూడు. వస్తే అదెంతో లెక్కలోకి తీసుకో. కంప్రెషర్లో వాడే ఈ ప్యాగ్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చేస్తుంది. ఆవకాయ జాడీలో తడి గరిటె పెడితే మీ అమ్మ ఎలా చూస్తుందో గుర్తుందిగా, ఇదీ అంతే. సీసా మూతా, కొత్త అక్యుములేటర్ మూతా చివరి నిమిషంలో తీయి. బిగించాక, బెల్టు వేసే ముందు, ప్లేటును చేత్తో పదిహేనుసార్లు తిప్పు. లోపల చేరిన ఆయిల్‌ను ఒక్కసారిగా కుదిస్తే లోపలి పల్చని వాల్వు రేకు, రీడు, విరుగుతుంది. కంప్రెషర్ కుదించేది గ్యాస్‌ని, ద్రవాన్ని కాదు.

తర్వాత వ్యాక్యూమ్, అంటే పంపుతో లోపలి గాలీ తేమా లాగేయడం. గేజి ముల్లు 29 అంగుళాల దగ్గరికి వచ్చాక ముప్పావుగంట నడవనీ. వాల్వులు మూసి అరగంట కూర్చో. ముల్లు కదిలిందా, ఎక్కడో లీకుంది. గ్యాస్ ఎక్కించేటప్పుడు డబ్బా నిటారుగా పట్టుకో, ఒత్తిడి తక్కువుండే లో సైడు నుంచే. ఇంజను నడుస్తుండగా ఒత్తిడి ఎక్కువుండే హై సైడు వాల్వు తెరిస్తే డబ్బా చేతిలో పేలుతుంది. కళ్లద్దాలు పెట్టుకో, నాలాగా బద్ధకించకు.

నీ చేతికి గ్రీజు అంటకూడదని నిన్ను షెడ్డు గడప తొక్కనివ్వలేదు. మీ అమ్మ ఇప్పుడు అదే ఎత్తిపొడుస్తోంది, రోజుకి రెండుసార్లు.

ఆ జల్లెడ ఫోటో చూసేదాకా ఏ పార్టూ ఆర్డర్ పెట్టకు. తెల్ల కాగితం మీద పెట్టి, వెలుతురులో తియ్యి. శనివారం రాత్రి పదిన్నర దాకా మేలుకునే ఉంటా, అప్పుడు మీకు మధ్యాహ్నం పన్నెండు.

నాన్న