క్లీవ్‌లాండ్‌లో ఉన్న కిట్టూకి

నాన్నా కిట్టూ,

సున్నుండలు అందాయా? నీ గొంతు విని ఇరవై రోజులైంది. మెసేజ్‌లకి నీలం టిక్కులు పడుతున్నాయి కాబట్టి ఒంట్లో బాగానే ఉందనుకుంటున్నాను. ఈ ఉత్తరం అందుకోసం కాదులే. అమెరికన్ దర్శకుడు జిమ్ జార్ముష్ సినిమాలు వరసగా చూస్తున్నావని వేణు చెప్పాడు, ఆ సంగతులు రాద్దామని.

ఆయన 1953లో పుట్టింది మీకు దగ్గర్లోనే, ఆక్రన్ పక్కన. ‘స్ట్రేంజర్ దాన్ ప్యారడైజ్’లో ముగ్గురూ ఏరీ సరస్సు చూడ్డానికి వెళ్తారు. అంతా గడ్డకట్టి తెల్లగా ఉంటుంది, చూడ్డానికేమీ ఉండదు. అలాంటి షాటే నువ్వూ తీస్తావట కదా. తియ్యి. ఆటోలో వదిలేస్తే మాత్రం కెమెరా మంచుని బూడిదరంగు చేసేస్తుంది, ఎక్స్‌పోజర్ (లోపలికి వచ్చే వెలుగు) ఒకటిన్నర రెండు స్టాపులు ఎక్కువ పెట్టు. బ్యాటరీలు చలికి తొందరగా దిగిపోతాయి, రెండోది కోటు లోపలి జేబులో ఉంచుకో. తిరిగి ఇంట్లోకొచ్చేముందే కెమెరాని జిప్ సంచీలో వేసి మూసెయ్, గది వేడికి వచ్చేదాకా తియ్యకు. లేకపోతే లెన్సు నిండా చెమ్మ పడుతుంది. ఒడ్డునుంచే తియ్యి, మంచు మీద కాలు పెట్టకు. ఏరీలో గాలికి పలకలు పలకలే విడిపోతాయి. నీకున్న ఆ పల్చటి సాక్సులతో వెళ్ళావో!

వేణు ఇంకో మాట కూడా అన్నాడు. ఈ సెమిస్టరు ఫీజు డబ్బుతో కెమెరా కొన్నావని. జార్ముష్ కూడా అదే చేశాడు అన్నావట.

చేశాడు. న్యూయార్క్ యూనివర్సిటీ ఫిల్మ్ స్కూల్లో ఉండగా, స్కూలుకి వెళ్ళాల్సిన స్కాలర్‌షిప్ డబ్బు ఆయన చేతికే వచ్చింది. ఫీజు కట్టకుండా 16 ఎంఎంలో ‘పర్మనెంట్ వెకేషన్’ తీశాడు, 1980లో. డిగ్రీ రాలేదు. కథ ఇక్కడిదాకా అందరూ చెబుతారు. అసలు పని ఆ తరవాతే ఉంది నాన్నా. అంతకుముందే అదే స్కూల్లో నికోలస్ రే అనే పెద్ద దర్శకుడికి ఆయన సహాయకుడిగా చేశాడు. ‘పర్మనెంట్ వెకేషన్’ తరవాత జర్మన్ దర్శకుడు విమ్ వెండర్స్ తన ‘ద స్టేట్ ఆఫ్ థింగ్స్’లో మిగిలిన నెగెటివ్ ఫిల్ము ఇచ్చాడు. దాంతో ‘స్ట్రేంజర్ దాన్ ప్యారడైజ్’ మొదటి భాగం, అరగంట సినిమా అయింది. దాన్ని చూపించి మిగతా రెండు భాగాలకి డబ్బు సంపాదించుకున్నాడు. 1984లో కాన్ చిత్రోత్సవంలో ఆ సినిమాకి తొలిచిత్ర దర్శకులకిచ్చే కెమెరా దోర్ వచ్చింది. మధ్యలో నాలుగేళ్ళు గడిచాయి. ఆయనకది సొంత దేశం, వెళ్ళిపొమ్మనేవాళ్ళు లేరు. నువ్వు ఎఫ్-1 విద్యార్థి వీసా మీద ఉన్నావు. యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల ఆఫీసుకి చెప్పకుండా క్లాసులు వదిలేస్తే స్టేటస్సే పోతుంది. అడిగి చేసేదానికీ, చేసి అడిగేదానికీ చాలా తేడా ఉంది. సెలవు కావాలంటే ముందు వాళ్ళనే అడుగు.

సరే, ఫిల్ము సంగతికొస్తాను. 35 ఎంఎంలో నాలుగొందల అడుగుల రోలు నాలుగున్నర నిమిషాలే వస్తుంది. చేతిలో ఉన్నది మిగులు ఫిల్మైతే ఒక సీన్‌ని నాలుగు వైపులనుంచి తీయడం కుదరదు. అందుకే ఒక సీనంతా ఒకే షాట్, తరవాత తెరంతా నలుపు, మళ్ళీ ఇంకో షాట్. 89 నిమిషాల ఆ సినిమాలో అరవై పైచిలుకు షాట్లే. నీ మెమరీ కార్డుకి ఆ కట్టడి లేదు కాబట్టి ముప్ఫై టేకులు తీస్తావు, పదో టేకుకే నటుల మొహాలు వాడిపోతాయి. ముందు కెమెరా లేకుండా రిహార్సల్ చేయించు. నిలబడాల్సిన చోట నేలమీద టేపు అంటించు. కెమెరా కదలదు కాబట్టి మనుషులే దగ్గరకీ దూరానికీ కదలాలి. సీను రెండు నిమిషాలు దాటనివ్వకు. చివర్లో ఒక్క మాట తప్పినా మొత్తం పోతుంది, అతికించడానికి వేరే షాట్ ఉండదు.

నలుపు దగ్గరే అందరూ తప్పు చేస్తారు. శబ్దం కూడా కోసేస్తారు. అప్పుడు చూసేవాళ్ళు ఫైలు పాడైందనుకుంటారు. గదిలో ఎవరూ మాట్లాడకుండా ముప్ఫై సెకన్లు రికార్డు చేసి పెట్టుకో, దాన్ని నలుపు కింద పరువు. అన్ని నలుపులూ ఒకే పొడవుంటే గడియారం కొట్టినట్టుంటుంది. ఒక నలుపులో ఒక రాత్రి గడవచ్చు, ఇంకోదాంట్లో ఏడాది గడవచ్చు. ఎంత గడిచిందో తరవాతి షాట్‌లో చెప్పాలి, అందులోనూ చెప్పకపోతే చూసేవాళ్ళు కంగారుపడతారు.

మేమూ కంగారుపడుతున్నాం కిట్టూ. మీ నాన్నగారు ఏమీ అడగరు. నీ ఊళ్ళో ఎన్ని డిగ్రీలుందో ఫోన్లో రోజూ చూసుకుంటారు.

కెమెరా కొంటే కొన్నావు, అమ్మెయ్యమనను. ఫీజుకి ఎంత తగ్గిందో, ఆఖరు తేదీ ఎప్పుడో రాసి పంపు. పోస్టాఫీసు డిపాజిట్ వచ్చే నెల చేతికొస్తుంది. శనివారం మాకు రాత్రి తొమ్మిదంటే నీకు పొద్దున్న పదిన్నర. కాస్త అన్నం వండుకు తిని, ఆ టైముకి ఫోన్ చెయ్యి.

మీ అమ్మ