మనవడి ప్రార్థన గురించి అమ్మాయికి

ప్రియమైన తల్లికి,

ప్రభువైన యేసుక్రీస్తు నామంలో నీకు, అల్లుడుగారికి, మనవడికి శుభములు. ఇక్కడ అమ్మ, నేను క్షేమం.

రాత్రి కుటుంబ ప్రార్థనలో మనవడు కళ్లు మూసుకోవడం లేదని, మధ్యలో లేచి పరుగెత్తుతున్నాడని, వాణ్ణి మందలించాలో వదిలేయాలో తెలియడం లేదని మొన్న ఫోనులో అన్నావు. నేను సరిగా జవాబు చెప్పలేకపోయాను. చెప్పాలంటే ముందు నీ దగ్గర ఒప్పుకోవలసిన తప్పు ఒకటి ఉంది.

నీకు తొమ్మిదేళ్లప్పుడు, ఇరవైమూడవ కీర్తన కంఠతా వచ్చేదాకా అన్నం లేదని ఒక రాత్రి పట్టుబట్టాను. "గాఢాంధకారపు లోయలో" అన్నచోట నీకు ప్రతిసారీ మాట తడబడేది. కంచంలో చేపల పులుసు చల్లారి అట్టకట్టింది. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి ఏమీ అనలేక చూస్తూ ఉంది. నాలుగోసారి తప్పు లేకుండా ఒప్పజెప్పావు, నేను సంతోషించాను. ఆ తరువాత చాలాకాలం ప్రార్థనలో నీ పెదవులు మాత్రమే కదిలేవి. సంఘ పెద్ద కూతురికి ఇన్ని వాక్యాలు వచ్చునని ఆదివారం పదిమందీ అనుకోవాలన్న ఆశే నాచేత ఆ పని చేయించింది. ఎఫెసీయులకు రాసిన పత్రికలో పౌలు పిల్లలను విధేయులై ఉండమన్న వెంటనే తండ్రుల వైపు తిరిగి "మీ పిల్లలకు కోపము రేపక" అన్నాడు. మొదటి మాట మీద ఎన్నోసార్లు వాక్యం చెప్పిన నేను రెండో మాట దగ్గర పేజీ తిప్పేశాను. నన్ను క్షమించు తల్లీ.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మన పలాస దగ్గర తీరం దాటినప్పుడు, పెరట్లో కొబ్బరిచెట్లు ఒక్కొక్కటే విరిగిపడుతున్న చప్పుడు వింటూ, అందరి ఇళ్లలోనూ ప్రార్థన చేసి వచ్చే నేను నోట ఒక్క మాట రాక గోడకు ఆనుకుని కూర్చుండిపోయాను. అప్పుడు చీకట్లో నీ గొంతు వినిపించింది. "సెట్టు ఇంటి మీద పడకుండా సూడు దేవా. నానకి బయమేస్తంది, నాన పక్కనుండు" అన్నావు. నేను నేర్పిన మాట అందులో ఒక్కటీ లేదు.

అది నీకు నాయనమ్మ దగ్గర అబ్బిందని ఇప్పుడు నాకు తోస్తోంది. ఆమెకు చదువు రాదు. జీడిపిక్కలు ఒలిచే పని నుంచి వచ్చి, నల్లబడిన వేళ్లకు కొబ్బరినూనె రాసుకుంటూ, ఇంట్లో బియ్యం ఎన్ని ఉన్నాయో, ఆ రోజు ఎవరి మీద కోపం వచ్చిందో దేవునితో పైకే చెప్పుకునేది. నువ్వు పక్కన ఆడుకుంటూ వినేదానివి. కళ్లు మూసుకోమని నిన్ను ఆమె ఎన్నడూ అనలేదు. తిమోతి విశ్వాసం మొదట అతని అవ్వ లోయిలోను, తల్లి యునీకేలోను ఉన్నదని పౌలు రాశాడు గాని, అక్కడ తండ్రి ఊసు ఎత్తలేదు.

కాబట్టి మనవణ్ణి పరుగెత్తనీ. ప్రార్థన మాత్రం మీరిద్దరూ ఏ రాత్రీ మానవద్దు, వాడికి వినబడేలా చేయండి. వాడి మీద అకారణంగా కేకలేసిన రోజున ఆ సంగతి కూడా వాడు వింటుండగానే ప్రభువుతో చెప్పు. దేవుడు కొడతాడని, కళ్లు పోగొడతాడని వాణ్ణి భయపెట్టకు. అది అబద్ధం, పైగా పిల్లల మనసులో చాలాకాలం ఉండిపోతుంది. బడిలో నేర్పే ఇంగ్లీషు ప్రార్థన బడిలో ఉండనీ, ఇంట్లో మన మాటే రానీ. 1805లో విశాఖపట్నం వచ్చిన లండన్ మిషన్ వారు సైతం తెలుగు నేర్చుకుని సువార్తలను మన భాషలోకి తేవడానికే పూనుకున్నారు. ద్వితీయోపదేశకాండం ఆరో అధ్యాయం ఇంట కూర్చున్నప్పుడు, త్రోవ నడిచేటప్పుడు, పండుకొన్నప్పుడు, లేచినప్పుడు పిల్లలతో దేవుని మాటలు మాట్లాడమంటుంది. స్నానం చేయించేటప్పుడు, బస్సు కోసం నిలబడినప్పుడు వాడు అడిగే ప్రశ్నలకు జవాబు చెబితే అదీ అందులోకే వస్తుంది.

హన్నా తన కొడుకును దేవుని మందిరంలో విడిచి వచ్చాక ఏటేటా వాడికి చిన్న అంగీ కుట్టి తీసుకువెళ్లేదని సమూయేలు గ్రంథంలో చదివిన ప్రతిసారీ, దగ్గర లేని బిడ్డ ఎంత పెరిగాడో ఆ తల్లి ఎలా అంచనా కట్టేదోనని అనుకుంటాను. మీ అమ్మ క్రిస్మస్‌కు మనవడికి చొక్కా కుట్టాలని నీలం గుడ్డ తెచ్చి పెట్టుకుంది. పోయినేడాది కొలత కన్నా రెండు వేళ్లు వదలాలా, మూడు వదలాలా అని నన్ను అడుగుతోంది. వాడి ఛాతీ, భుజం, చేతి పొడవు కొలిచి ఈ వారంలో రాసి పంపు.

ఆశీస్సులతో,
నాన్న