ఆఫ్రికా కంది రైతుకు ఇచ్చిన మాట

సంపాదకుడు గారికి,
నమస్కారం.

గ్లోబల్ సౌత్‌కు, అంటే ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికాల్లోని వర్ధమాన దేశాలకు, మన దేశం పెద్దదిక్కు అని మీ పత్రికలోనూ టీవీల్లోనూ తరచుగా వింటున్నాం. 1964 నుంచి ఐటెక్ పథకం కింద విదేశీ అధికారులను విమానం టికెట్టు కూడా మనమే పెట్టి పిలిపించి శిక్షణ ఇస్తున్నాం. ఎగ్జిమ్ బ్యాంకు ద్వారా ఆఫ్రికా దేశాలకు అప్పులిస్తున్నాం. 2023లో ఢిల్లీ సదస్సులో ఆఫ్రికన్ యూనియన్‌కు జీ20లో చోటు ఇప్పించాం. ఇవేవీ చిన్న పనులని నేను అనను. కానీ తాండూరు మట్టిలో కంది వేసుకుంటూ, వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరైన నాకు ఈ కబుర్లు విన్నప్పుడల్లా కందిపప్పే గుర్తుకొస్తుంది.

2015లో కిలో కందిపప్పు 200 రూపాయల దాకా పోయిన సంగతి ఎవరూ మర్చిపోయి ఉండరు. చాలా ఇళ్ళల్లో పప్పు పోయి పప్పుచారు మిగిలింది, అదీ పలచబడింది. అప్పుడు ప్రభుత్వం ఆఫ్రికా వైపు చూసింది. 2016 జులైలో ప్రధాని మొజాంబిక్ వెళ్ళినప్పుడు ఒప్పందం కుదిరింది. మొదటి ఏడాది లక్ష టన్నుల పప్పుధాన్యాలు, పెంచుకుంటూ పోయి 2020-21 నాటికి 2 లక్షల టన్నులు కొంటామన్నాం. మీరు పండించండి, మేం తీసుకుంటాం అని అర్థం. మొజాంబిక్‌లో ఎండు కందులు తినేది తక్కువ. రైతు పండించిందంతా ఓడెక్కి మన దేశానికి రావాల్సిందే. మనం వద్దంటే వాళ్ళకు ఇంకో బజారు లేదు.

ఇక మన దగ్గర ఏమైంది? ఆ ఏడాది వానలు కలిసొచ్చాయి. ముందు ఏడు 25 లక్షల టన్నుల చిల్లర ఉన్న కంది దిగుబడి 2016-17లో 48 లక్షలు దాటింది. బోనస్‌తో కలిపి మద్దతు ధర క్వింటాల్‌కు 5,050 రూపాయలు ప్రకటించారు గానీ యార్డులో అడిగినవాడు లేడు. నా 11 క్వింటాళ్ళకు తేమ ఉందని ఒకరు, తాలు ఉందని ఒకరు వంక పెట్టారు. రెండు రోజులు సంచుల మీదే పడుకొని చివరికి వచ్చిన రేటుకు ఇచ్చేసి వచ్చాను. నా పక్కన పడుకున్న ముసలాయన అప్పుడే అన్నాడు, "బయటి మాల్ ఆపితే గానీ మన మాల్‌కు రేటు రాదయ్యా" అని. నేనూ అవునన్నాను.

ఆపారు. 2017 ఆగస్టు 5న కంది దిగుమతికి ఏడాదికి 2 లక్షల టన్నుల పరిమితి పెట్టారు. నేనూ సంతోషించాను, దాచుకోవడం ఎందుకు. ఆ తేదీ సంగతి నాకు తట్టింది చాలా రోజుల తర్వాత. మనం జూన్, జులైలో విత్తి డిసెంబరు, జనవరిలో కోస్తాం. తూర్పు ఆఫ్రికాలో నవంబరు, డిసెంబరులో విత్తి ఆగస్టు, సెప్టెంబరులో కోస్తారు. అంటే మనం తలుపు వేసింది సరిగ్గా వాళ్ళ కందులు కళ్ళంలో ఉన్నప్పుడు. మొజాంబిక్ ఒప్పందం కోటాను మినహాయించారు, నిజమే. అయినా అక్కడా ధర పడిపోయింది. ఏ ఒప్పందమూ లేని టాంజానియా, మలావీ రైతుల మాట చెప్పనక్కర్లేదు. వాళ్ళూ సంచుల మీదే పడుకొని ఉంటారు.

ఆ తర్వాత కథ కూడా ఇంతే. ధర పెరిగేసరికి 2021 మేలో మళ్ళీ తలుపు బార్లా తెరిచాం. మొజాంబిక్‌తో ఒప్పందం ఐదేళ్ళు పొడిగించాం, మలావీతో ఏడాదికి 50 వేల టన్నులకు కొత్తది రాసుకున్నాం. మిగతా దిగుమతికి మాత్రం గడువును కొన్నిసార్లు రెండు మూడు నెలలకు, కొన్నిసార్లు ఏడాదికి పొడిగిస్తూ వచ్చాం. 2024-25లో సుమారు 12 లక్షల టన్నులు దిగింది. మద్దతు ధర 7,550 ఉంటే ఇక్కడ యార్డుల్లో అంతకన్నా తక్కువకే అమ్ముకున్నాం. 2017లో వాళ్ళ వంతు, ఈసారి మన వంతు.

ఈ మాట హోటల్లో అంటే ఒక మిత్రుడు కోప్పడ్డాడు. మన రైతే చస్తుంటే ఆఫ్రికా రైతు బాధ నీకెందుకు అని. దిగుమతి పెంచమని నేను అడగడం లేదు. ఎంత కొంటామో ముందే చెప్పమంటున్నాను. వాళ్ళ పంట వచ్చేది మన దగ్గర నిల్వలు అడుగంటే నెలల్లో, దసరాకు అటూ ఇటూగా. అప్పుడు కొలత ప్రకారం వచ్చి, మన కోతలకు ముందే ఆగిపోతే ఇద్దరికీ పేచీ లేదు. తాండూరు మిల్లుల వాళ్ళకు ఇదంతా కంఠతా వచ్చు. బయటి నుంచి వచ్చే కందులను బర్మా లెమన్, టాంజానియా అరూషా, మొజాంబిక్ గజ్రి అని పేరు పెట్టి పిలుస్తారు, ఏది ఏ నెలలో దిగుతుందో చెబుతారు. పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1972 నుంచి కంది మీద పనిచేస్తోంది. తూర్పు ఆఫ్రికాలో వేసే రకాల్లో కొన్నింటిలో ఆ సంస్థ శ్రమ ఉంది. విత్తనం దాకా తోడున్నవాళ్ళం అమ్మకం దగ్గర చెప్పాపెట్టకుండా తప్పుకుంటున్నాం.

ఇప్పుడు ఇంకో చిక్కు వస్తోంది. నిరుడు అక్టోబరులో, అంటే 2025లో, కేంద్రం 11,440 కోట్లతో పప్పుధాన్యాల స్వావలంబన మిషన్‌కు ఆమోదం తెలిపింది. 2030-31 నాటికి దిగుమతుల అవసరం లేకుండా చేయాలని లక్ష్యం. రైతుగా నాకు ఇది తీపి కబురే, కొనుగోలు కేంద్రాలు సమయానికి తెరిస్తే. కానీ మనల్ని నమ్మి కంది వేస్తున్నవాళ్ళకు ఈ సంగతి ఎవరైనా చెప్పారా? ఏ ఏడాది ఎంత తగ్గిస్తామో ఇప్పుడే చెబితే వాళ్ళు వేరే పంటకు మారడానికి వ్యవధి ఉంటుంది. లేదా కందులకు బదులు పప్పే అమ్ముకునేలా అక్కడ చిన్న మిల్లులు పెట్టుకోవడానికి మన ఐటెక్ శిక్షణ పనికొస్తుంది. పప్పు మిల్లు నడపడం నేర్పగలవాళ్ళు ఇక్కడ బోలెడంత మంది.

అందుకని నా విన్నపం ఇది. రాబోయే మూడేళ్ళకు కంది దిగుమతి కోటా, సుంకం ప్రతి అక్టోబరులో, వాళ్ళు విత్తక ముందే ప్రకటించాలి. మధ్యలో మార్చకూడదు. ఆ కాగితం మొజాంబిక్ రాజధాని మపూటోకు, మలావీ రాజధాని లిలాంగ్వేకు చేరిన రోజే తాండూరు యార్డు నోటీసు బోర్డు మీద కూడా, తెలుగులో, అంటించాలి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ వ్యవసాయ విస్తరణాధికారి,
తాండూరు, వికారాబాద్ జిల్లా