కొత్త కంప్యూటర్ల కంటే ముందు బ్రౌజర్ సెట్టింగ్ చూడండి

సంపాదకులకు,

ఇంజినీరింగ్ కళాశాలల్లో క్యాడ్ (కంప్యూటర్‌లో యంత్రాల నమూనాలు గీయడం) బోధన క్రమంగా బ్రౌజర్‌లోకి మారుతోంది. ఆన్‌షేప్ వంటి సాఫ్ట్‌వేర్‌కు ఇన్‌స్టాలేషన్ బెడద లేదు, విద్యార్థులకు ఉచితం కూడా. అయితే వందలాది విడిభాగాలను కూర్చిన నమూనాను (అసెంబ్లీని) తెరిచి తిప్పితే బొమ్మ ఆగి ఆగి కదులుతుంది. వెంటనే కొందరు ఇంటర్నెట్‌ను తప్పుపడతారు, కొందరు కొత్త కంప్యూటర్లు కావాలంటారు. నిజానికి మోడల్ పూర్తిగా తెరుచుకున్నాక దాన్ని తిప్పడంలో ఇంటర్నెట్ పాత్ర స్వల్పం. మోడల్ ఉపరితలాన్ని సర్వర్ చిన్న చిన్న త్రిభుజాలుగా లెక్కకట్టి పంపుతుంది, వాటిని తెర మీద గీసేది మన కంప్యూటరే.

గత సెమిస్టర్‌లో నా విద్యార్థులు ప్రాజెక్టుగా వరి నాటే యంత్రాన్ని గీశారు. ఒక అమ్మాయి ల్యాప్‌టాప్‌లో విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంది, అయినా మౌస్ ఆపిన కాసేపటికి గానీ బొమ్మ కుదురుకునేది కాదు. టాస్క్ మేనేజర్‌లో చూస్తే ఆ కార్డు ఖాళీగా ఉంది, భారమంతా ప్రాసెసర్‌లో ఇమిడి ఉన్న చిన్న గ్రాఫిక్స్ చిప్ మోస్తోంది. విద్యుత్ ఆదా కోసం విండోస్ చాలా ల్యాప్‌టాప్‌లలో బ్రౌజర్‌ను దానికే అప్పగిస్తుంది. సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, గ్రాఫిక్స్ వరకు వెళ్లి బ్రౌజర్‌కు హై పెర్ఫార్మెన్స్ ఎంచుకుని, దాన్ని మూసి మళ్లీ తెరిచాం. ఆ అమ్మాయి యంత్రాన్ని ఒక చుట్టు తిప్పి, నమ్మకం కుదరక మరో రెండు చుట్లు తిప్పి చూసింది. ల్యాబ్‌లోని కొన్ని కంప్యూటర్లలోనైతే బ్రౌజర్ గ్రాఫిక్స్ యాక్సిలరేషనే, అంటే బొమ్మ గీసే పనిని గ్రాఫిక్స్ చిప్‌కు అప్పగించే సెట్టింగే, ఆపేసి ఉంది. ఎప్పుడు, ఎవరు ఆపారో ఎవరికీ గుర్తు లేదు.

తక్కిన తప్పు మేము నేర్పే తీరులోనే ఉందని ఒప్పుకోవాలి. సెకనుకు 60 బొమ్మలు పడితేనే కదలిక సాఫీగా ఉంటుంది, అంటే ఒక్కో బొమ్మకు దక్కే సమయం 16.7 మిల్లీసెకన్లు మాత్రమే. త్రిభుజాలన్నీ ఆలోపే గీయాలి. మర చెక్కని బోల్టును సుమారు 150 త్రిభుజాలతో గీయవచ్చు, మరను చుట్టుచుట్టుకూ చెక్కితే ఆ సంఖ్య వేలకు చేరుతుంది. మా పిల్లలు ప్రతి బోల్టుకూ ఎంతో శ్రద్ధగా మర చెక్కారు, నిజానికి డ్రాయింగ్‌లో ఎం8 (8 మిల్లీమీటర్ల మర బోల్టు) అని రాస్తే వర్క్‌షాపులో ఎవరికైనా అర్థమవుతుంది.

సాఫ్ట్‌వేర్ తయారీదారులు చేయవలసిందీ ఉంది. ఒకే బోల్టు రెండు వందల చోట్ల ఉంటే రెండు వందల ఆదేశాలు పంపకుండా ఒక్క ఆదేశంతో గీయించే సదుపాయం, బ్రౌజర్‌లో త్రిమితీయ బొమ్మలు గీయించే ప్రమాణమైన 2017 నాటి వెబ్‌జీఎల్ 2.0లోనే ఉంది. 2023లో క్రోమ్‌లోకి వచ్చిన, అదే పనికి ఉద్దేశించిన కొత్త ప్రమాణం వెబ్‌జీపీయూ ఇలాంటి ఆదేశాలు పంపడంలో ప్రాసెసర్‌పై పడే భారాన్ని ఇంకా తగ్గించగలదు. వాటిని పూర్తిగా వాడుకోవడంతో పాటు, బొమ్మను ఏ చిప్ గీస్తోందో తెర మీదే చూపితే విద్యార్థి గంటల తరబడి తన మోడల్‌నే అనుమానించుకునే అవస్థ తప్పుతుంది.

కంప్యూటర్ల కొనుగోలుకు ప్రతిపాదనలు పంపే ముందు ఈ రెండు సెట్టింగ్‌లనూ ల్యాబ్ సిబ్బందితో పరీక్షింపజేయాలని కళాశాలల యాజమాన్యాలను కోరుతున్నాను. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని యంత్రాలకు 4కె తెరలు మాత్రం కొనవద్దు. మామూలు ఫుల్ హెచ్‌డీ తెర కంటే వాటిలో గీయవలసిన పిక్సెళ్లు నాలుగు రెట్లు.

— మెకానికల్ విభాగం అధ్యాపకుడు, కాకినాడ